చిన్న రైలు ఆటబండి కాదు

  ఈ పూట మనం ఒక రైలు గురించి చెప్పుకుందాం. ఇప్పుడు ఆ రైలు లేదు. అది నడిచిన పట్టాలు కూడా లేవు. కానీ అది నడిచిన దారి మాత్రం మన ఊళ్ళ పక్కనే ఉంది.

మీ పిల్లల్ని ఎప్పుడైనా బెంగళూరు కబ్బన్ పార్కుకు తీసుకువెళ్ళే ఉంటారు. అక్కడ బాలభవన్ ఆవరణలో పిల్లల కోసం ఒక చిన్న రైలు ఉంది. దాని పేరు పుటాణి ఎక్స్‌ప్రెస్. పుటాణి అంటే మనందరికీ తెలిసిందే, చిట్టి అని అర్థం. అది నడిచిన రోజులూ ఉన్నాయి, రిపేరుకు నిలిచిపోయిన రోజులూ ఉన్నాయి. బడి పిల్లలను విహారానికి తీసుకుపోతే జూ కంటే, మ్యూజియం కంటే ఆ రైలునే ఎక్కువగా గుర్తుపెట్టుకుంటారు. చెట్ల మధ్య ఒక చుట్టు తిరిగి ఎక్కినచోటే దించేస్తుంది. అదే దాని అందం.

ఆ రైలును చూసినప్పుడల్లా మన పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. "మన చింతామణికి కూడా ఇట్లాంటి ఆటరైలే వచ్చేది గదప్పా" అని. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ మాటలో సగమే నిజం. మన రైలు కొలతలో చిన్నది, అది నిజమే. పనిలో మాత్రం అది ఆటబండి కాదు. ఎక్కినచోటే దించే రైలు కాదది. తాలూకా నుంచి జిల్లా కచేరికి, సంత నుంచి పట్టణానికి, పల్లె నుంచి బెంగళూరుకు మనుషుల్నీ సరుకునూ చేర్చిన బండి. ఈ తేడా మరిచిపోతే మనం ఏమి పోగొట్టుకున్నామో, దానికి బదులు ఏమి సంపాదించుకున్నామో రెండూ సరిగా లెక్క వేయలేం. అందుకని ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

ఇప్పుడు బంగారుపేట అని పిలిచే ఊరికి అప్పట్లో బౌరింగ్‌పేట అని పేరు. మైసూరుకు కమిషనరుగా పనిచేసిన బౌరింగ్ దొర పేరు మీద వచ్చిన పేరది. పెద్ద రైలు మార్గం ఆ ఊరి మీదుగా మద్రాసుకు పోయేది. బంగారు గనులకు కూడా అక్కడి నుంచే ఒక శాఖ వేశారు. కానీ జిల్లా కేంద్రమైన కోలారుకు రైలు లేదు. ఆ కొరత తీర్చడానికి 1913లో బౌరింగ్‌పేట నుంచి కోలారు దాకా చిన్న పట్టా వేశారు. దానికి కోలారు డిస్ట్రిక్టు బోర్డు రైల్వే అని పేరు. ఇటువైపు బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురం రావడానికి బెంగళూరు చిక్కబళ్ళాపురం లైట్ రైల్వే అనే పేరుతో మరో చిన్న పట్టా వచ్చింది. నంది హాల్టు, దేవనహళ్ళి, ఆవతి, దొడ్డజాల స్టేషన్ల పాత కట్టడాలు 1915 నాటివి. ఈ రెండు ముక్కలనూ కలుపుతూ శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురాల మీదుగా దారి పడింది. యలహంక నుంచి బంగారుపేట దాకా మొత్తం సుమారు 150 కిలోమీటర్లు. పటంలో చూస్తే కొడవలి వంపులాగా మన జిల్లాలను చుట్టి వస్తుంది.

ఆ సంవత్సరాల్లో మైసూరు సంస్థానానికి దివానుగా ఉన్నది ఎవరో మీకు చెప్పనక్కరలేదు. మన చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. 1912 నుంచి 1918 దాకా ఆయన దివాను. ఇంట్లో తెలుగు, బయట కన్నడ, కచేరిలో ఇంగ్లీషు. మన ప్రాంతం మనిషికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. అయితే ఈ రైలును ఆయన ఒక్కరి ఖాతాలో వేయడం న్యాయం కాదు. డిస్ట్రిక్టు బోర్డు, కంపెనీ, సంస్థానం, వీటన్నిటి చేయీ ఇందులో ఉంది. పై ప్రభుత్వం పెద్ద రైలు వేసేదాకా కూర్చోకుండా, మన చేతనైనంతలో చిన్న రైలు వేసుకుందాం అనుకున్న కాలం అది. దీన్ని మనం గుర్తుంచుకోవాలి.

ఇక, చిన్న పట్టా అంటే ఏమిటి? రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరాన్ని గేజి అంటారు. బ్రాడ్ గేజిలో అది 1676 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. మీటరు గేజిలో సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. మన చిన్న రైలుది 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. పెద్ద పట్టాలో సగం కంటే తక్కువ. పదేళ్ళ పిల్లవాడు కూడా అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడగలడు.

ఇంత ఇరుకుగా ఎందుకు వేశారు? డబ్బు తక్కువ కాబట్టి అని ఒక్క మాటలో చెప్పవచ్చు. కానీ ఇరుకుగా వేస్తే డబ్బు ఎట్లా మిగులుతుందో తెలుసుకోవడం ముఖ్యం. దీనికి ఒక చిన్న ప్రయోగం చెబుతాను. మీ ఇంటి ముందు పిల్లలతో చేయించి చూడండి.

ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి, చెరొక కొసా పట్టుకునేలా ఒక కర్ర ఇవ్వండి. ఇద్దరినీ నేరుగా నడవమనండి. ఇద్దరూ ఒకే దూరం నడుస్తారు. ఇప్పుడు ఒక మూల తిరగమనండి. లోపలివైపు పిల్లవాడు నాలుగు అడుగులు వేస్తే చాలు, బయటివైపు పిల్లవాడు గబగబా ఎక్కువ అడుగులు వేయాలి. కర్ర పొడుగయ్యేకొద్దీ బయటివాడి కష్టం ఎక్కువ. పొట్టి కర్ర ఇస్తే ఇద్దరూ సులువుగా తిరుగుతారు. గేజి అంటే ఆ కర్రే.

మన ఎద్దులబండికి ఈ ఇబ్బంది లేదు. దాని రెండు చక్రాలూ ఇరుసు మీద విడివిడిగా తిరుగుతాయి. మలుపులో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిరిగినా ఫరవాలేదు. రైలు చక్రాలు అట్లా కావు. రెండూ ఇరుసుకు బిగించి ఉంటాయి. ఒకటి ఎన్ని చుట్లు తిరిగితే రెండోదీ అన్ని చుట్లే తిరగాలి. రైలు ఒక మూల పూర్తిగా, అంటే 90 డిగ్రీలు తిరిగిందనుకుందాం. పెద్ద గేజిలో బయటి చక్రం లోపలి చక్రం కంటే సుమారు 2 మీటర్ల 63 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోవాలి. చిన్న గేజిలో ఆ తేడా సుమారు 1 మీటరు 20 సెంటీమీటర్లే. చక్రం అంచును కొంచెం ఏటవాలుగా చేసి ఈ తేడాను సర్దుతారు. తేడా తక్కువైతే సర్దడం సులభం. కాబట్టి చిన్న రైలు గట్టి మలుపులు కూడా తిరగగలదు.

గట్టి మలుపు తిరగగలిగితే ఏమి లాభం? మన ప్రాంతాన్ని ఒకసారి కళ్ళ ముందు పెట్టుకోండి. ఒక చెరువు, దాని కట్ట, ఒక గుట్ట, మళ్ళీ ఒక చెరువు. పెద్ద రైలైతే గుట్టను తవ్వాలి, వాగు మీద పెద్ద వంతెన కట్టాలి. చిన్న రైలు గుట్టను చుట్టుకుని పోతుంది. ఇరుకు పట్టాకు కట్ట వెడల్పు తక్కువ, మన్ను తక్కువ, వంతెన చిన్నది, కావలసిన పొలమూ తక్కువ. బండి తేలిక కాబట్టి పట్టా కూడా సన్నదే సరిపోతుంది.

ఈ రెండున్నర అడుగుల గేజికి మన దేశంలో పేరు తెచ్చిన మార్గం ఒకటుంది. మహారాష్ట్రలో 1897లో మొదలైన బార్సీ లైట్ రైల్వే. ఎవరార్డ్ కాల్‌త్రాప్ అనే ఇంజనీరు దాన్ని రూపొందించాడు. ఏ ఇరుసు మీదా ఐదు టన్నులకు మించి బరువు పడకూడదు అని ఆయన నియమం పెట్టుకున్నాడు. దానివల్ల మీటరుకు 15 కిలోల బరువుండే సన్న పట్టా చాలింది. ఈనాడు పెద్ద లైన్ల మీద వేసే పట్టా మీటరుకు 60 కిలోలు ఉంటుంది. నాలుగో వంతు ఇనుముతో పని జరిగిందన్నమాట. అది విఠోబా దర్శనానికి పండరిపురం పోయే భక్తులకు ఎంతగానో ఉపయోగపడింది. చేతిలో డబ్బు తక్కువ ఉన్న జిల్లాలకు, సంస్థానాలకు ఇదొక దారి చూపించింది.

ఇప్పుడు దాని నడక సంగతి. మన చిన్న రైలు గురించి ప్రతి ఊళ్ళోనూ ఒక కథ ఉంది. కదులుతున్న రైలు దిగి, పక్క చేలో నాలుగు చెనక్కాయ చెట్లు పెరుక్కుని, మళ్ళీ పరుగెత్తి అదే పెట్టె ఎక్కేవాళ్ళమని. ఈ కథ చెప్పని తాత లేడు. నిజం చెప్పాలంటే దేశంలో ఏ చిన్న రైలు దగ్గరికి పోయినా ఇదే కథ వినిపిస్తుంది. చేలో పంట మారుతుంది, కథ మారదు. ఒక చోట చెరకు, ఒక చోట జామకాయ.

కథను నవ్వుకుని వదిలేయకుండా దాని వెనుక కారణం చూద్దాం. పెట్టె వెడల్పు పట్టాల మధ్య దూరానికి రెండింతలకు మించి ఉంటుంది. అంటే బండి రెండు పక్కలా పట్టాలు దాటి బయటికి వచ్చి ఉంటుంది. ఇరుకు పీట మీద పెద్ద గంప పెట్టినట్టు. వేగం పెంచితే ఊగుతుంది. దానికి తోడు సన్న పట్టా, గట్టి మలుపులు, ఎత్తుపల్లాలు. మధ్యలో ప్రతి ఊరి దగ్గరా ఆగాలి. ఇదే గేజి ఉన్న కాల్కా–సిమ్లా రైలు ఈనాటికీ 96 కిలోమీటర్ల కొండదారికి సుమారు ఐదు గంటలు తీసుకుంటుంది. కాబట్టి మన రైలు నిదానం సోమరితనం కాదు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఊళ్ళకు పోవాలంటే చెల్లించవలసిన ధర అది.

ఆ ధర చెల్లించి మనవాళ్ళు కొనుక్కున్నది ఏమిటి? ఇప్పుడు చిక్కబళ్ళాపురం ఒక జిల్లా. 2007కు ముందు ఇదంతా కోలారు జిల్లానే. కోర్టు పని, కలెక్టరు కచేరి పని, ఏదున్నా కోలారు పోవాలి. శిడ్లఘట్ట మనిషి, చింతామణి మనిషి, శ్రీనివాసపురం మనిషి తన ఊళ్ళో ఎక్కితే జిల్లా కేంద్రంలో దిగవచ్చు. ఇటువైపు ఎక్కితే బెంగళూరు దిక్కు. ఒక తాలూకా పిల్లవాడు ఇంకో తాలూకాలో చదువుకోవడానికి, ఒక ఊరి ఆడబిడ్డ పండక్కి పుట్టింటికి రావడానికి ఇదే దారి.

ఇంకొక సంగతి. మన సరిహద్దు జిల్లాల్లో తెలుగు ఇంటి భాష, కన్నడం బడి భాష. కొందరికి ఇది తలక్రిందులు. కైవారం తాతయ్యగారు రెండు భాషల్లోనూ పాడిన నేల ఇది. రైలు పెట్టెలో ఎదురెదురు బల్లల మీద మోకాళ్ళు తగిలేటంత ఇరుకులో కూర్చుంటే, ఒకరు తెలుగులో అడగడం, ఇంకొకరు కన్నడంలో చెప్పడం, ఇద్దరికీ అర్థం కావడం మామూలు విషయం. పాఠశాలలో మేము రెండు భాషలను రెండు పీరియడ్లుగా విడదీసి చెబుతాం. రైలు పెట్టెకు ఆ పీరియడ్ల గంట లేదు.

మరి ఇంత ఉపయోగపడిన రైలును ఎందుకు తీసేశారు? ఎవరో మనకు అన్యాయం చేశారని చెప్పేస్తే సులభంగా ఉంటుంది. కానీ కారణాలు ఆ రైలులోనే ఉన్నాయి.

మొదటిది సరుకు మార్పిడి. చింతామణి నుంచి చింతపండు బస్తాలో, చెనక్కాయ బస్తాలో బయటి ఊరికి పంపాలనుకోండి. చిన్న రైలు వ్యాగను బంగారుపేట దాకానే పోగలదు. అక్కడ పెద్ద పట్టా మొదలవుతుంది. ప్రతి బస్తానూ దించి, మోసి, ఇంకో వ్యాగనులోకి ఎక్కించాలి. హమాలీ కూలి, ఒక రోజు ఆలస్యం, దారిలో కారిపోయిన గింజలు, ఇవన్నీ రైతు లెక్కలోకే వస్తాయి. ఆదా చేసిన డబ్బంతా ఈ గేజి మారేచోట కొంచెం కొంచెంగా కరిగిపోయేది. చిన్న పట్టా వేసిన ప్రతి దేశంలోనూ ఇదే జబ్బు.

రెండోది బస్సు, లారీ. తారురోడ్లు పడ్డాక బస్సు ఊరి నడిబొడ్డుకు వచ్చింది. స్టేషను దాకా నడవనక్కరలేదు. లారీ అయితే తోట గట్టు దగ్గర సరుకు ఎక్కించుకుని మార్కెట్టు గేటు దగ్గర దించుతుంది. పట్టుగూళ్ళు, టమోటా లాంటి ఆగలేని సరుకులకు గంటలు ముఖ్యం. శిడ్లఘట్ట గూళ్ళ మార్కెట్టుకు పోయే రైతును అడగండి, పురుగు రెక్క విప్పుకుని బయటికి వచ్చేలోగా గూడు అమ్ముడుపోవాలి అంటాడు. నిదానంగా పోయే రైలు ఆ పందెంలో నిలవలేదు.

మూడోది దేశం మొత్తానికి సంబంధించింది. 1951లో మైసూరు స్టేట్ రైల్వే దక్షిణ రైల్వేలో కలిసింది. డిస్ట్రిక్టు బోర్డు కాలంలో తన కాళ్ళ మీద తాను నిలబడిన చిన్న మార్గం, పెద్ద సంస్థలో ఒక మూల ముక్క అయింది. దానికి వేరే ఇంజన్లు, వేరే పెట్టెలు, వేరే విడిభాగాలు కావాలి. అవి చేసేవాళ్ళు తగ్గిపోతూ వచ్చారు. 1992లో రైల్వే శాఖ దేశమంతటా ఒకే గేజి ఉండాలనే పథకం మొదలుపెట్టింది. అప్పటి రైల్వే మంత్రి మన కర్ణాటకకు చెందిన సి.కె. జాఫర్ షరీఫ్‌గారు. ఆ పథకం వచ్చాక మన చిన్న రైలు రోజులు దగ్గరపడ్డాయి. 1990ల దశకంలో యలహంక–చిక్కబళ్ళాపురం ముక్క పెద్ద గేజి అయింది. చిక్కబళ్ళాపురం నుంచి చింతామణి మీదుగా కోలారు దాకా పెద్ద పట్టా మీద రైలు నడిచింది మాత్రం 2013లో.

ఈ ఆఖరి సంవత్సరాన్ని కొంచెం గమనించండి. పాతది తీసేయడానికి, కొత్తది రావడానికి మధ్య చాలా ఏళ్ళు గడిచిపోయాయి. ఆ మధ్యకాలంలో చింతామణి, శ్రీనివాసపురం పిల్లలు ఊళ్ళో రైలు కూత వినకుండానే పెరిగారు. చిన్న రైలును విశ్రాంతికి పంపడం తప్పని నేను అనను. పెద్ద గేజి రావలసిందే. ఈనాడు చింతామణిలో ఎక్కిన మనిషి పెట్టె మారకుండా దూర ప్రయాణానికి పోగలిగే వీలు దానివల్లే వచ్చింది. కాకపోతే పాత వంతెనను కొత్త వంతెన కట్టాక తీయడం ఒక పద్ధతి, ముందే తీసేసి ప్రజల్ని వాగు ఒడ్డున నిలబెట్టడం ఇంకో పద్ధతి. రాబోయే పనులకు ఈ పాఠం పనికొస్తుంది.

ఇట్లాంటి చిన్న రైళ్ళను వేరేచోట్ల ఏమి చేశారు? ఇంగ్లండులో రేవెన్‌గ్లాస్ అనే ఊరి నుంచి ఇనుప ఖనిజం మోయడానికి 1875లో మూడడుగుల గేజి రైలు వేశారు. 1913లో అది మూతపడింది. 1915లో, అంటే మన నంది హాల్టు కట్టిన కాలంలోనే, ఆ కట్ట మీదే 15 అంగుళాల పట్టా వేసి, చిట్టి రైలు నడపడం మొదలుపెట్టారు. ఈనాటికీ అది విహార రైలుగా నడుస్తోంది. వేల్స్‌లో పలకరాయి గనుల కోసం వేసిన టాలిల్లిన్ అనే చిన్న రైలును 1951లో మామూలు జనమే, జీతం లేకుండా పనిచేసి, నిలబెట్టుకున్నారు. అమెరికాలో 1955లో డిస్నీలాండ్ తెరిచినప్పుడు దాని చుట్టూ తిరగడానికి మూడడుగుల గేజి రైలే పెట్టారు. అంటే పార్కుల్లోని రైళ్ళకు పనిచేసిన రైళ్ళే పెద్దమ్మలు, పెదనాన్నలు. ముందు పని, తర్వాత ఆట.

మన దేశంలో డార్జిలింగ్ రైలుకు 1999లో, నీలగిరి రైలుకు 2005లో, కాల్కా–సిమ్లా రైలుకు 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. చివరిది మన రైలు గేజీదే. వాటిని ఉంచి మనదాన్ని ఎందుకు తీశారని కొందరు అడుగుతారు. కారణం కొండ. ఆ కొండదారుల్లో పట్టా వెడల్పు చేయడం బహు కష్టం, చూడడానికి వచ్చే జనమూ ఎక్కువ. మనది మైదానం, వెడల్పు చేయడానికి వీలుంది. వీలున్నచోట పని రైలుకు పని రైలే రావాలి.

మన లాంటి కథే ఆంధ్రప్రదేశ్ రెండో కొసన, ఒరిస్సా సరిహద్దులో జరిగింది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల గేజి రైలు 1900లో మొదలైంది. తర్వాత గుణుపురం దాకా పోయింది. 2004లో గేజి మార్పు కోసం ఆగి, తర్వాత పెద్ద పట్టా మీద తిరిగి వచ్చింది. అక్కడ తెలుగు, ఒరియా. ఇక్కడ తెలుగు, కన్నడం. రెండుచోట్లా రెండు భాషల మనుషులు ఒకే ఇరుకు పెట్టెలో కూర్చున్నారు. రెండుచోట్లా ఆ పెట్టె ఇప్పుడు జ్ఞాపకమే.

మరి మనకు మిగిలింది ఏమిటి? మొదటిది దారి. ఈనాటి పెద్ద రైలు చాలావరకు ఆ పాత దారి పట్టుకునే పోతుంది. 2021లో విమానాశ్రయం దగ్గర ఒక హాల్టు స్టేషను తెరిచారు. నూరేళ్ళ కిందట తక్కువ డబ్బుతో వేసుకున్న దారి, చివరికి విమానాశ్రయం పక్కకు చేరింది. రెండోది ఆ పాత స్టేషను కట్టడాలు. నంది హాల్టు, దేవనహళ్ళి, ఆవతి, దొడ్డజాల స్టేషన్లను ఇంటాక్ అనే వారసత్వ రక్షణ సంస్థ ఇటీవలి ఏళ్ళలో బాగుచేయడానికి పూనుకుంది. రాతి గోడ, పెంకుల కప్పు, చిన్న వరండా. ఈసారి నందికొండకో భోగనందీశ్వరుడి గుడికో పోయినప్పుడు నంది హాల్టు దగ్గర పది నిమిషాలు ఆగండి. ఆ రైలు కొలత అక్కడ కంటికి తెలుస్తుంది. మైసూరులో 1979లో తెరిచిన రైలు మ్యూజియంలో పాత ఇంజన్లు కూడా చూడవచ్చు.

బాగేపల్లి శ్రోతలు ఈపాటికి నన్ను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు. "అయ్యా, మాకు చిన్నదీ రాలేదు, పెద్దదీ రాలేదు, మేము దేన్ని జ్ఞాపకం పెట్టుకోవాలి?" అని. న్యాయమైన ప్రశ్న. బాగేపల్లికి పక్కనే జాతీయ రహదారి ఉంది, రైలు మాత్రం లేదు. గౌరిబిదనూరుకో, హిందూపురానికో, చిక్కబళ్ళాపురానికో పోయి ఎక్కాలి. వారికి నా మనవి ఒకటే. చిన్న రైలు కథలో మీకు పనికివచ్చేది జ్ఞాపకం కాదు, ఉదాహరణ. ఒక జిల్లా బోర్డు, తన ఊళ్ళకు ఏమి కావాలో తానే లెక్కవేసుకుని, చేతనైన కొలతలో పని మొదలుపెట్టింది. ఆ కొలత చాలలేదని తర్వాత తేలింది. అయినా దారి పడింది కాబట్టే పెద్ద రైలు ఆ దారిన వచ్చింది. దారి పడని ఊరికి పెద్ద రైలు ఈనాటికీ రాలేదు.

చివరగా ఒక పని చెప్పి ముగిస్తాను. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాళ్ళకు ఇంటిపని ఇవ్వకుండా వదిలే అలవాటు లేదు, మన్నించండి. ఆ రైలు నడిచిన చివరి రోజుల్లో పిల్లలుగా ఉన్నవాళ్ళకు ఇప్పుడు నలభై దాటాయి. అందులో పనిచేసినవాళ్ళు, గార్డులు, గేటుమన్లు, పట్టా పనివాళ్ళు ముసలివాళ్ళయ్యారు. కొందరు వెళ్ళిపోయారు. రికార్డుల్లో తారీఖులు ఉంటాయి, పట్టా పొడవు ఉంటుంది. మీ ఊరి సంతరోజు ఎన్ని గంటలకు బండి వచ్చేది, పెట్టెలో కూర్చున్న చంటిబిడ్డకు ఎవరు నీళ్ళు ఇచ్చేవారు, ఇంజను కూతను బట్టి పొలంలో కూలీలు ఎప్పుడు పని దించేవారు, ఇవి రికార్డుల్లో ఉండవు.

కాబట్టి ఈ ఆదివారం మీ ఇంట్లో, మీ వీధిలో ఉన్న పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఐదు ప్రశ్నలు అడగండి. చిన్న రైలు మొదటిసారి ఎప్పుడు ఎక్కారు? ఏ పని మీద ఎక్కారు? వెంట ఏమి తీసుకుపోయారు? టిక్కెట్టు ఎంత? రైలు ఆగిపోయాక ఆ పనికి ఎట్లా పోయారు? ఈ ఐదోది తప్పకుండా అడగండి. ఆటబండి ఆగిపోతే పిల్లలు వేరే ఆట చూసుకుంటారు, పని బండి ఆగిపోతే ఏమవుతుందో ఈ జవాబులోనే తెలుస్తుంది. వాళ్ళు తెలుగులో చెబితే తెలుగులో, కన్నడంలో చెబితే కన్నడంలో రాసుకోండి. రెండూ కలిపి చెబితే కలిపే రాయండి, దిద్దవద్దు. నోటుపుస్తకంలో పైన ఊరి పేరు, తేదీ వేయండి. మీ ఊరి బడిలో ఒక ప్రతి ఇవ్వండి.

పిల్లల్ని పుటాణి రైలు ఎక్కించినప్పుడు కూడా ఒక మాట చెప్పండి. "ఇంత చిన్న పట్టా మీదే మన తాతలు కోర్టుకు పోయారు, కాలేజీకి పోయారు, పెళ్ళిళ్ళకు పోయారు" అని. పిల్లలు నమ్మకపోతే ఆ కర్ర ప్రయోగం చేసి చూపించండి.